ఇంటికొక్కటే ఖాతా

ముప్పై ఐదేళ్లకే రిటైరయ్యానంటే ఎల్లారెడ్డిలో మా వాడకట్టు వాళ్లు నవ్వుతారు. "ఏంది, పింఛన్ గిట్ల వస్తదా?" అని అడుగుతారు. రాదు. సెల్‌ఫోన్ రిపేరులో మనిషి వయసు కళ్లతో మొదలవుతుంది. మైక్రోస్కోపు కింద సన్నటి బోర్డు మీద టంకం పెడుతూ కూర్చుంటే ముందు కన్ను పోతుంది, తర్వాత మెడ. నాకు రెండూ దెబ్బతిన్నాయి. కంటి డాక్టరు ఈ పని ఆపేయమన్నాడు. ఆపేశాను.

ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి కామారెడ్డిలో ఒక దుకాణంలో చేరాను. చేరిన రోజు నుంచి మానేసిన రోజు దాకా అదే దుకాణం, అదే బల్ల. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు "అన్నా, ఏం నేర్సుకోవాలె?" అని అడుగుతుంటారు. డిస్‌ప్లే మార్చడం, నీళ్లలో పడ్డ ఫోను ఆరబెట్టడం, ఛార్జింగ్ పిన్ను అతకడం వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. వాటి గురించి ఇక్కడ రాయను.

పని ఏమిటంటే

ఇంటి తాళంచెవి పక్కింటివాడికి కూడా ఇవ్వని మనిషి, ఫోను లాక్ నంబరు మాత్రం దుకాణంలో అందరి ముందూ గట్టిగా చెప్తాడు. ఆ నంబరుతో ఆయన భార్యాపిల్లలు, జబ్బులు, తగాదాలు అన్నీ మన చేతికొస్తాయి. ఆయనకు ఆ సంగతి గుర్తుండదు. మనకు గుర్తుండాలి. నేను పెట్టుకున్న నియమాలు ఇవి.

కెమెరా పరీక్షించాలంటే నేలనో బల్లనో ఫోటో తీసి అక్కడికక్కడే తుడిచెయ్యాలి. గ్యాలరీలో వెనక్కి జరగకూడదు.

డిస్‌ప్లే చూడటానికి ఖాళీ తెల్ల తెర చాలు.

స్పీకరు పరీక్షకు రింగ్‌టోన్ మోగించాలి. వాళ్ల వాయిస్ మెసేజీలు పెట్టకూడదు.

అనుకోకుండా ఏదైనా కంటబడితే, కంటబడిందని ఎవరికీ చెప్పకూడదు. స్నేహితుడికీ చెప్పకూడదు, పెళ్లానికీ చెప్పకూడదు.

మూడో నియమం ఊరికే పుట్టలేదు. నాతోపాటు పనిచేసే ఒకతను స్పీకరు మార్చి, తోచిన వాయిస్ మెసేజీ ఒకటి నొక్కాడు. ఒకావిడ తన తల్లితో ఏడుస్తూ చెప్పుకున్న మాటలు దుకాణమంతా వినిపించాయి. ఆ ఏడ్చిన మనిషి కౌంటరుకు అవతల నిలబడి ఉంది. ఫోను అందుకుని, కొంగు నిండుగా కప్పుకుని వెళ్లిపోయింది. మావాడు "స్పీకర్ మంచిగనే పలుకుతున్నది" అన్నాడు. వాడికి పని బాగా వచ్చు. అయినా వాడి చేతికి నా ఫోను ఇవ్వను.

సేటు పద్ధతి

మా సేటు చెడ్డవాడు కాదు. పండుగకు అందరికీ బట్టలు పెట్టేవాడు, జ్వరమొస్తే ఇంటికి పంపేవాడు. ఆయనకున్న నమ్మకం ఒక్కటే, కస్టమరుకు ఏదీ కష్టం కాకూడదని. మా దుకాణానికి వచ్చేవాళ్లలో చాలామంది గల్ఫ్ ఇళ్లవాళ్లు. భర్త మస్కట్‌లోనో దుబాయ్‌లోనో, భార్య ఇక్కడ బీడీలు చుడుతూ. కొత్త ఫోను కొంటే మెయిలు ఖాతా కావాలి, దానికి పాస్‌వర్డ్ కావాలి. వాళ్లు మర్చిపోతారు, మళ్లీ వస్తారు.

"ఇంటికొక్కటే ఖాతా పెట్టు," అనేవాడు సేటు. "గల్ఫ్‌ల ఉన్నోని పేరు మీద తెరువు. ఇంట్లున్న ఫోన్లన్నిట్ల గదే ఎక్కియ్యి. ఒక్కడు మరిస్తే ఇంకొకనికి యాదికుంటది."

నేను చేరకముందు నుంచే అది ఆ దుకాణం పద్ధతి. జనానికి నచ్చింది కూడా. ఇక్కడ తల్లి తీసిన పిల్లల ఫోటోలు అక్కడ తండ్రి ఫోనులోకి వాటంతటవే చేరేవి. "మీ దుకాణంల కొన్నకాడికెల్లి నా బిడ్డ రోజూ కనవడుతుందన్నా" అని ఒకాయన మస్కట్ నుంచి ఖర్జూరాలు పంపాడు.

ఇంకో పద్ధతి ఇళ్లది. అన్న సెలవుకు వచ్చి కొత్త ఫోను కొనుక్కుంటే పాతది తమ్ముడికి పోతుంది. అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టే. జేబులు ఎవరూ వెతకరు.

ఈ రెండు పద్ధతులూ కలిస్తే ఏమవుతుందో చదువుకున్నవాడిని కనుక నాకు తోచింది. సేటుకు చెప్పాను. "ఇంటోళ్లకు ఇంటోళ్ల కాడ దాపరికమేందిరా?" అన్నాడు. "నువ్వు డిప్లొమా చేసినవ్, సంసారం చెయ్యలే."

లావణ్య

లావణ్యది రామారెడ్డి దగ్గర ఒక ఊరు. బీడీలు చుట్టేది. భర్త గంగాధర్ మస్కట్‌లో కట్టుబడి పని. ఇంట్లో అత్త పోశవ్వ, మరిది నవీన్, స్కూలుకు పోయే కూతురు. ఒకరోజు పెద్దవాళ్లు ముగ్గురూ దుకాణానికి వచ్చారు. లావణ్య ఫోను కౌంటరు మీద పెట్టి, తల ఎత్తకుండా అడిగింది.

"అన్నా, నా ఫోను ఎవలన్న హ్యాక్ చేసిండ్రేమో చూడు."

సంగతి కొంత ఆమె చెప్పింది, మిగతాది పోశవ్వ చెప్పింది. ఆమె ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. కామారెడ్డిలో చూపిస్తే డాక్టరమ్మ ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మంది. మస్కట్‌లో గంగాధర్‌కు భయమైంది. "ఫోటో తీసి పంపు, మా క్యాంపు డాక్టరుకు అడుగుత" అన్నాడు. తలుపేసుకుని తీసింది. సగం ముఖం కూడా పడింది. ఆయనొక్కడికే పంపి, వెంటనే తన ఫోనులో ఆ మెసేజీ తుడిచేసింది. తర్వాత కొన్నాళ్లకు ఆ ఫోటో ఊరి కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది.

"నాకొక్కనికే పంపితే ఊర్లకెట్ల వచ్చింది, ఇంకెవనికి పంపినవ్ అంటున్నడు," అంది లావణ్య. "నేనేమో ఆయననే రూములోళ్లకు చూపిచ్చిండు అనుకున్న. ఇద్దరికి మాటల్లేవు."

"అర్రల కూసోని ఫోటోలు దిగుడేంది?" అంది పోశవ్వ. "మా కాలంల గడ్డలు కాలేదా? పసుపు పెట్టుకున్నం, పండుకున్నం."

"హైదరాబాద్ ఎప్పుడు పోతున్నరు?" అని అడిగాను.

"పోను," అంది లావణ్య. "డాక్టరు ముంగట రైక తియ్యాలె. ఎవడు ఏడికెల్లి చూసిండో తెల్వకుండ నేను యాడికీ పోను."

ఆమె దవాఖానకు పోవడమా మానడమా అనేది ఆ ఫోను మీదికి వచ్చి ఆగింది. నవీన్ తలుపు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు.

బల్ల మీది స్క్రూడ్రైవరు

హ్యాకింగ్ అనే మాట మా దుకాణంలో రోజూ వినిపించేది. నా అనుభవంలో దాదాపు ఎప్పుడూ అది హ్యాకింగ్ కాదు. ఎవరో తెలిసినవాళ్లకు తెలిసిన దారిలో దొరికి ఉంటుంది. లావణ్య ఫోను తెరిచాను. ఖాతా గంగాధర్ పేరు మీద ఉంది. తీసిన ప్రతి ఫోటో ఆ ఖాతాలోకి దానంతటదే ఎక్కుతోంది.

"గంగాధరన్న పాత ఫోను ఎవల కాడున్నది?" అని అడిగాను.

"వీని కాడనే," అంది పోశవ్వ. "అన్నది తమ్మునికియ్యక ఎవలికిస్తరు?"

నవీన్ ఫోను అడిగాను. వెంటనే ఇవ్వలేదు. "నా దాంట్లేముందన్నా" అన్నాడు. సేటు కసిరితే ఇచ్చాడు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, లావణ్య ఫోనుతో బల్ల మీదున్న ఎర్ర పిడి స్క్రూడ్రైవరును ఫోటో తీశాను. నవీన్ ఫోనులో గ్యాలరీ తెరిచి పెట్టి, అందరినీ చూడమన్నాను. కొద్దిసేపు ఏమీ లేదు. తర్వాత ఎర్ర పిడి వచ్చి కూర్చుంది.

లావణ్య ఆ స్క్రూడ్రైవరును చూసింది, తర్వాత మరిదిని చూసింది. వాడు నేలను చూస్తున్నాడు.

ముందు తేరుకున్నది పోశవ్వే. నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, గీ ముచ్చట మస్కట్ దాక పోవద్దు. పెద్దోడు వీన్ని సంపుతడు. ఫోను హ్యాకయ్యిందని చెప్పు. నీ కాల్మొక్కుత."

"మరి నా మీదున్న మాట?" అంది లావణ్య.

లావణ్య అక్కడే గంగాధర్‌కు వీడియో కాల్ చేసి ఫోను నాకు ఇచ్చింది. "చెప్పన్నా. నేను చెప్తే నమ్మడు."

సేటు వెనక నుంచి "మనకెందుకురా, ఇంటి పంచాయితీ" అన్నాడు. ఆ ఖాతా మా దుకాణం తెరిచింది, కనుక ఆ పంచాయితీ మాది కూడా. గంగాధర్ హెల్మెట్‌తో ఉన్నాడు, వెనక ఇనుప చువ్వలు, మండే ఎండ. ఏ ఫోనులో తీస్తే ఎక్కడికి పోయిందో, అక్కడి నుంచి ఏ ఫోనులో కనిపించిందో వరుసగా చెప్పాను. ఎవరు పంపారో నాకు తెలియదని, లావణ్య మాత్రం మీకు తప్ప ఎవరికీ పంపలేదని చెప్పాను.

"అంటే నేనిచ్చిన ఫోనేనా?" అన్నాడు.

"అవునన్నా."

హెల్మెట్ తీశాడు. "లావణ్యకియ్యి" అన్నాడు. ఆమె అందుకుంది. అవతల ఆయన ఏదో అంటున్నాడు. ఆమె వింది. "మంచిది" అని ఒక్కమాట అని పెట్టేసింది.

పంపినవాళ్లు

నవీన్ తర్వాత ఒక్కడే వచ్చాడు. "నేను పంపలేదన్నా. ఫోన్ల గేమ్ చూపిస్తుంటె గది కనవడ్డది. పోరగాళ్లు గుంజుకున్నరు. వద్దురా అన్న, గని..."

"గని?"

"నవ్విన. గంతే."

వాడి మాట నమ్మాను. దీనికి ఎవరూ పథకం వేయలేదు. ఒకడు గుంజుకున్నాడు, ఒకడు "చూసి డిలీట్ చెయ్" అంటూ తన దోస్తుకు పంపాడు, ఆ దోస్తు గ్రూపులో పెట్టాడు. అక్కడితో ఆగినా ఊళ్లోనే ఉండేది. ఊరు దాటించింది పెద్దమనుషులు. గ్రూపులో చూసిన ఒకాయన "ఆడోళ్లు ఎట్లయితున్నరో చూడుండ్రి, సిగ్గు లేదు" అని కింద రాసి తన సంఘం గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి ఇంకొకాయన "ఇలాంటివి ఎవరూ పంపకండి" అని హెచ్చరిక రాసి, ఆ హెచ్చరికతో పాటు ఫోటోను కూడా ముందుకు తోశాడు. కుర్రాళ్లు దొంగచాటుగా పంపారు. వీళ్లు ధర్మంగా పంపుతున్నామనుకున్నారు కనుక భయం లేకుండా పంపారు. గడ్డ ఉన్నట్టు వాళ్లలో ఒక్కరికీ కనిపించలేదు.

ఠాణాకు వెళ్లమని లావణ్యకు చెప్పాను. "ఆ ఫోటో చూపియ్యాలె గదన్నా?" అంది. మహిళా పోలీసుకే చూపించొచ్చన్నాను. పోశవ్వ అడ్డం పడింది, కేసు మొదలైతే చిన్నకొడుకు దగ్గరే మొదలవుతుంది కనుక. లావణ్య కూడా పట్టుబట్టలేదు. నవీన్‌నూ గ్రూపు నడిపేవాడినీ కూర్చోబెట్టి, ఆ గ్రూపులో ఉన్న ఒక్కొక్కరితో తుడిపించాను. కొందరు క్షమించమన్నారు. కొందరు "మా ఫోన్ల ఎన్నడు లేకుండె" అన్నారు.

ఆ వారంలోనే మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి మద్నూర్ నుంచి ఒక ట్రాక్టర్ డ్రైవరు బ్యాటరీ మార్పించుకోవడానికి వచ్చాడు. పాత కస్టమరు, సరదా మనిషి. "అన్నా, గీ ముచ్చట మీ దిక్కుదేనట గదా" అని ఫోను నా ముఖం ముందు పెట్టాడు. అదే ఫోటో. కింద మరాఠీలో ఎవరో వెకిలి మాట రాశారు.

"ఆమెకు జబ్బు," అన్నాను. "గది గడ్డ. డాక్టరు కోసం తీసింది."

వాడి నవ్వు ఆగిపోయింది. "తెల్వదన్నా. నా బిడ్డ మీదొట్టు, తెల్వదు." నా ముందే తుడిచేశాడు. "నేను ఇద్దరికే పంపిన" అన్నాడు.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఇలాంటిది మీ ఫోనుకు వస్తే, తిట్టడానికి కూడా ముందుకు పంపొద్దు. ఎవరా అని ఆరా తీయొద్దు. పంపినవాడికి ఆపమని చెప్పండి. ఆ మనిషి మీకు తెలిస్తే మర్యాదగా తెలియజేయండి. సాక్ష్యం కావాలంటే ఎవరు ఎప్పుడు పంపారో రాసుకోండి, ఫోటోను దాచుకోవద్దు. మీతో ఆగితే అంత మేర ఆగినట్టే.

ఆమె అడిగిన మాట

లావణ్య అత్తను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చినప్పుడు ఆమెకు ఆమె పేరుతోనే ఖాతా తెరిచాను. నవీన్ ఫోను నుంచి పాతది అప్పటికే తీసేశాను. పాత ఖాతాలో ఉన్న ఫోటోలన్నీ తుడిచెయ్యమంది.

"పాప ఫోటోలుంటయ్ చెల్లే. చూసి, ఉంచేటియి ఉంచుకో."

"చూస్తే మళ్ల గదే కండ్లవడుతది. అన్ని తీసెయ్."

ఆమె ఫోటోలు నేను తిరగేయకూడదు. ఆమె చూడనంది. అన్నీ తీసేశాను, చెత్తబుట్టతో సహా. పని అయ్యాక ఫోను తీసుకోలేదు. నిలబడే ఉంది.

"ఇప్పుడు ఎవ్వల కాడ లేదు గదన్నా? లేదంటే చెప్పు, రేపే హైదరాబాద్ పోత."

పోశవ్వ నా వైపు చూసింది. సేటు ఆమె వెనక నుంచి లేదని చెప్పమన్నట్టు తల ఆడించాడు. నా కళ్లలో మద్నూర్ డ్రైవరు ఫోను ఉంది, వాడు చెప్పిన ఇద్దరు ఉన్నారు.

"నాకు తెలిసిన ఫోన్లల్ల లేదు చెల్లే," అన్నాను. "తెల్వనియి నేను చెప్పలేను. ఫోటో సంగతి పక్కన వెట్టు. దవాఖానకు పో."

"గట్లనే అనుకున్న," అంది. ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

హైదరాబాద్ పోలేదు. సేటు చాలాకాలం నన్ను దెప్పాడు. "ఒక్క అబద్ధానికి పోయేదిరా. చదువుకున్నోని నిజం ఎవనికి గావాలె?" అబద్ధం చెప్పి ఉంటే పోయేదేమో. దారిలోనో దవాఖానలోనో ఎవరో ఒకరు "గా ఫోటోల ఉన్నది నువ్వేనా" అని ఉంటే ఏమయ్యేదో. దీని మీద నాకు ఇప్పటికీ తీర్పు లేదు. తీర్పు ఉన్న సంగతి ఒక్కటే. ఆమె ఆ మాట నన్ను అడగాల్సిన అవసరమే రాకుండా చూడటం మా దుకాణం పని, మేం ఆ పని చేయలేదు.

గంగాధర్ సెలవు దొరికించుకుని వచ్చేసరికి వానాకాలం అయింది. చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. జబ్బు ఎముకల దాకా పోయిందని డాక్టర్లు చెప్పారట. ఆయన మళ్లీ మస్కట్ పోలేదు. వరి కోతల తర్వాత ఆమె చనిపోయింది.

సేటు పద్ధతి మార్చాడు. ఫోను చేతులు మారితే లోపలిదంతా తుడిచి, ఖాతా తీసేసే దాకా కౌంటరు దాటనివ్వడు. భార్యాభర్తలు వచ్చి ఒక్కటే ఖాతా చాలంటే "ఎవలది వాళ్లకే" అంటాడు. ఎందుకని అడిగితే చెప్పడు.

ఫోటో కావాలని వచ్చాడు

మా దుకాణంలో ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టించి ఇచ్చే పని కూడా ఉండేది. లావణ్య దినాలకు ముందు నవీన్ వచ్చాడు. గడ్డం పెరిగింది. వదినె ఫోటో ఒకటి ఫ్రేము కట్టాలన్నాడు. ఫోటో ఏదని అడిగాను.

"నీ కాడ ఉంటది అనుకున్నన్నా. గా ఖాతల."

ఖాతాలో ఏమీ లేదు, నేనే తీసేశాను. గంగాధర్ ఆమె మీద అనుమానపడిన రోజుల్లో, ఆమె పంపినవన్నీ కోపంతో తుడిచేశాడట. ఆ తర్వాత ఆమె ఎవరినీ ఫోటో తీయనివ్వలేదు. కూతురు ఫోను ఎత్తినా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేదట. పెళ్లి ఆల్బంలో బాసికం కట్టి తల వంచుకున్న ముఖం ఉంది గానీ, పక్కనే గంగాధర్ ఉన్నాడు. బతికున్నవాడిని కోసి పక్కకు తీయొద్దని పోశవ్వ అందట.

నవీన్ జేబులో నుంచి వదినె ఆధార్ కార్డు తీశాడు. దాన్ని స్కాన్ చేసి పెద్దది చేశాను. గోటి కంటే కొంచెం పెద్దదైన ముఖం తెర నిండా పరుచుకునేసరికి చుక్కలు చుక్కలుగా విడిపోయింది. వెలుగు సరిచేశాను, అంచులు సరిచేశాను. కళ్లు ఉండాల్సిన చోట రెండు బూడిదరంగు మచ్చలు మిగిలాయి.

నవీన్ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"వదినె గిట్లుండదన్నా," అన్నాడు.

అదే ప్రింటు తీసి ఇచ్చాను.